పెనాంగులో ఆరు రోజులు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నది నేను గొప్ప వక్తనని కాదు. మన సంఘంలో ఈ ఏడాది విమానం ఎక్కినవాళ్ళలో హజ్జుకో ఉమ్రాకో గల్ఫులో ఉన్న పిల్లల దగ్గరికో కాకుండా, ఊరికే చూసి రావడానికి వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణేనని కార్యదర్శిగారు ఎక్కడో కనిపెట్టారు. "మాస్టారూ, ఓ ఇరవై నిమిషాలు చెప్పండి, సావనీరులో కూడా వేసుకుంటాం" అన్నారు. సరేనన్నాను. ఇరవై దాటితే గంట కొట్టండి. ముప్ఫై నాలుగేళ్ళు బడిగంట విని బతికినవాణ్ణి, వినబడగానే ఆగిపోతాను.

మేము వెళ్ళింది మలేసియా దేశంలోని పెనాంగు దీవికి, అందులో జార్జ్ టౌన్ అనే పట్నానికి. పంపింది మా పెద్దబ్బాయి. వెళ్ళింది నేనూ, మా ఇంటావిడా. "అంతదూరం వెళ్ళి సింగపూరు చూడకుండా వచ్చారా?" అని అందరూ అడుగుతున్నారు. సింగపూరు బాగానే ఉంటుందిట. నాకు మాత్రం అద్దాల మేడల కన్నా పాత రేవు పట్నం చూడాలని ఉండేది. బందరువాణ్ణి కదా! రేవు పోగొట్టుకున్న ఊరివాడికి రేవున్న ఊరు చూడాలనిపించడంలో వింతేముంది? మనకూ 2023లో కొత్త రేవు పనులు మొదలుపెట్టారు, అది వేరే సంగతి.

హైదరాబాదు నుంచి రాత్రి విమానంలో కౌలాలంపూరు, అక్కణ్ణుంచి రైల్లో నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం చేసి బటర్‌వర్త్ అనే స్టేషన్లో దిగాం. స్టేషను పక్కనే రేవు. అక్కడ మన కృష్ణ మీద పంటు లాంటిదే, కాకపోతే పెద్దది, ఎక్కితే పావుగంటలో దీవికి చేరుస్తుంది. 1894 నుంచీ ఈ దాటింపు నడుస్తోందట. ఇప్పుడు సముద్రం మీద రెండు వంతెనలున్నాయి. ఒకటి 1985లో, రెండోది 2014లో కట్టారు. అయినా పంటు మీద వెళ్ళడమే బాగుంది. నీళ్ళ మీంచి ఊరు నెమ్మదిగా దగ్గరికి వస్తుంటే ఆ ఊరు మనల్ని రమ్మంటున్నట్టే ఉంటుంది.

దిగి రోడ్డెక్కగానే పచ్చబోర్డు మీద "పుసాత్ బందర్" అని కనబడింది. మా ఇంటావిడ ఆగిపోయింది. "ఇదేమిటి, మన ఊరి పేరు ఇక్కడెందుకు రాశారు?" అంది. మలాయి భాషలో బందర్ అంటే పట్నం. పుసాత్ బందర్ అంటే పట్నం నడిబొడ్డు. మాట పుట్టింది ఫారసీలో. ఫారసీలో బందర్ అంటే రేవు. మచిలీపట్టణాన్ని బందరన్నదీ అందుకే. ఒకే మాట ఓడలెక్కి ఇటూ అటూ తిరిగిందన్నమాట. ఆ తర్వాత మాటలు ఏరుకోవడమే మాకు పనైపోయింది. కుర్చీని కెరుసి అంటారు, లోకాన్ని దునియా అంటారు, సమయాన్ని వక్తు అంటారు, కుశలం అడగాలంటే "అపా ఖబర్" అంటారు. ఇవి మన ఇళ్ళలో మాటలే కదా. భాషను బహాస అంటారు, అది సంస్కృతం. భార్య ఇస్తెరి, భర్త సుఆమి! సుఆమి అంటే మన స్వామే. మా ఇంటావిడకు ఈ సంగతి చెబితే, అది వాళ్ళ దేశంలోనే ఉంచి రమ్మంది.

ఊరి సంగతికి వస్తాను. ఇంగ్లీషు కంపెనీ తరఫున కెప్టెన్ ఫ్రాన్సిస్ లైట్ అనే ఆయన 1786లో ఈ దీవిలో జెండా పాతాడు. అప్పటి నుంచి చీనావాళ్ళు, మలాయివాళ్ళు, సుమత్రా దీవివాళ్ళు, అరబ్బులు, మన కోరమాండల్ తీరపువాళ్ళు వచ్చి చేరారు. పాత వీధులన్నీ రెండంతస్తుల పెంకుటిళ్ళు. కింద కొట్టు, పైన కాపురం. ప్రతి ఇంటి ముందూ అయిదడుగుల వెడల్పు పంచ ఉంటుంది. దాని పేరే "కాకి లిమా", అంటే అయిదడుగులు. ఒక పంచ నుంచి ఇంకో పంచకి నడిచిపోతే ఎండా వానా తగలకుండా వీధి చివరికి చేరవచ్చు. కొందరు ఆ పంచల్ని బల్లలతో, మోటారుసైకిళ్ళతో నింపేశారు. మన అరుగుల మీద ఆక్రమణలు గుర్తొచ్చి కాస్త ఊరట కలిగింది.

పూర్వం పిట్ స్ట్రీట్ అనేవాళ్ళట, ఇప్పుడు మసీదు కపితాన్ కెలింగ్ వీధి అంటున్నారు. ఆ వీధి పొడుగునా నడిస్తే ఒక కొసన 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి, ఆ తర్వాత చీనావాళ్ళ కువాన్ యిన్ అమ్మవారి గుడి, ఆపైన 1833 నాటి మారియమ్మ గుడి, అది దాటితే మసీదు. మారియమ్మ గుడి ముఖం పక్కవీధికి, వీపు ఈ వీధికి. నాలుగింటినీ చూడటానికి పది నిమిషాల నడక చాలు. అగరుబత్తీల పొగ ఒకచోట, మల్లెపూల వాసన ఒకచోట. కాస్త ముందుకు పోతే బాంగు.

ఈ మసీదును 1801లో కాదర్ మొహిదీన్ అనే దక్షిణ భారత వర్తకుడు కట్టించాడు. మన తీరం నుంచి వెళ్ళినవాళ్ళందరికీ ఆయన పెద్ద, కంపెనీవాళ్ళు ఇచ్చిన బిరుదు కపితాన్. కెలింగ్ అంటే ఎవరనుకున్నారు? కళింగం నుంచి వచ్చిన మాట అది. కోరమాండల్ తీరం నుంచి ఓడ దిగిన ప్రతివాణ్ణీ మలాయివాళ్ళు కెలింగు అనేవాళ్ళు. తరవాత్తరవాత అది తిట్టుమాట అయింది. ఇప్పుడు ఎవరినైనా ఆ మాట అంటే తగాదా వస్తుంది. మసీదుకు మాత్రం ఆ పేరు గౌరవంగా నిలిచిపోయింది. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల కాలంలో మన బందరు నుంచి అద్దకం బట్టలు వేసుకుని ఓడలు సుమత్రాలోని ఆచేకి, ఇతర రేవులకి పోయేవి. అంటే పెనాంగు పుట్టకముందే మనవాళ్ళకు ఆ నీళ్ళు తెలుసు.

మసీదు తెల్లటి గోడలతో, పసుపురంగు గుమ్మటాలతో ఉంది. పక్కనే విడిగా మినారు. మొదట చిన్నదిగా కట్టినదాన్ని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మొగలాయీ ఫక్కీలో పెద్దది చేశారు. పాలరాతి నేల కాలికి చల్లగా తగిలింది. అయితే నన్ను పట్టుకున్నది గుమ్మటాలు కాదు, భూమి కథ. 1801లో కంపెనీ ఈ మసీదుకు పద్దెనిమిది ఎకరాలు ఇచ్చింది. ఇవాళ ప్రహరీ లోపల నిలబడి చూస్తే పద్దెనిమిది ఎకరాలు ఎక్కడా కనబడవు. కొంత రోడ్లకు పోయింది, కొంత ఇళ్ళూ కొట్లూ అయింది. వక్ఫుల నిర్వహణ బాగా లేదని చివరికి ఇంగ్లీషువాళ్ళే 1905లో ముస్లిం, హిందూ ధర్మాదాయాల చట్టం చేసి, బోర్డు పెట్టి, ఆస్తుల్ని దాని చేతికిచ్చారు. బోర్డు వచ్చాక రోడ్లు వెడల్పయినాయి, చుట్టూ ఉన్న పాత గుడిసెలు పోయాయి. కాపాడటమా, లాక్కోవడమా అంటే రెండూ కొంత కొంత. మన ఊరి వక్ఫుల సంగతి ఇక్కడ ఎత్తను. ముతవల్లీలిద్దరు ముందు వరసలోనే ఉన్నారు, భోజనాల వేళ కూడా దగ్గరపడుతోంది.

ఇప్పుడు చెప్పబోయేది కొందరికి నచ్చకపోవచ్చు. అయినా చెబుతాను.

మేము వెళ్ళేసరికి అసర్ వేళ. నేను వజూ చేసుకుంటున్నాను. మా ఇంటావిడ అలవాటు ప్రకారం బయట చెట్టుకింద కూర్చుంది. అక్కడి పెద్దాయన ఒకరు ఆమెను చూసి, స్త్రీల వైపు దారి చేత్తో చూపించి, లోపలికి వెళ్ళండమ్మా అన్నట్టు సైగ చేశాడు. ఆమె నావంక చూసింది. నేనేమీ అనలేదు. లోపలికి వెళ్ళింది. అక్కడ స్త్రీలకు వేరే చోటుంది, వజూకి వేరే కొళాయిలున్నాయి, బీరువాలో ఉతికిన తెల్లటి నమాజు బట్టలు మడతపెట్టి ఉన్నాయి. ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయిలు ఆ బట్టలు వేసుకుని నమాజు చదివి, మళ్ళీ మడతపెట్టి పోతున్నారట. అరగంటకు గానీ బయటికి రాలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమిటని అడిగితే, "మన పేట మసీదు కట్టేటప్పుడు మా అబ్బా ఇటుకలకి డబ్బిచ్చారు. నాకు అరవయ్యేళ్ళొచ్చాయి. దాని లోపల ఎట్లా ఉంటుందో నాకు తెలీదు" అంది.

నేను ఆలిమును కాను, ఫత్వా చెప్పడం నా పని కాదు. ఆ దేశంలో ఇది ఎవరూ చర్చించే విషయం కాదు. రైల్వేస్టేషన్లో, ఆసుపత్రిలో, బజారు మేడల్లో కూడా సురావు అని చిన్న నమాజు గది ఉంటుంది, మగవాళ్ళకి ఒకటి, ఆడవాళ్ళకి ఒకటి. మన ఊళ్ళో ఏం జరుగుతోంది? పల్లెల నుంచి పెద్దాసుపత్రికి వచ్చే ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బస్టాండులో కూర్చుంటారు. జుహర్ పోతుంది, అసర్ పోతుంది. బస్టాండు పక్క మసీదు వెనకాల ఒక గది ఉంది. అందులో ఏమున్నాయో మీ అందరికీ తెలుసు: విరిగిన ఫ్యాన్లు, షామియానా గుంజలు, పోయినసారి ఎన్నికల బ్యానర్లు. ఆ గదికి పక్కసందులోకి ఒక తలుపు, రెండు కొళాయిలు, ఒక పరదా పెడితే ఎంతవుతుందో మేస్త్రీని అడిగి లెక్క వేయించాను. కాగితం కార్యదర్శిగారి దగ్గరుంది. ఖర్చులో మూడోవంతు మా ఇంటావిడ తన గాజుల డబ్బులోంచి ఇస్తానంటోంది. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం కమిటీ ఇష్టం.

మూడో రోజు ఆచే వీధికి వెళ్ళాం. అక్కడ 1808 నాటి మసీదు ఒకటి ఉంది. ఆచే నుంచి వచ్చిన అరబ్బు వర్తకుడు తెంకు సయ్యద్ హుస్సేన్ కట్టించింది. వీధి ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంది గానీ, ఒకప్పుడు దీన్ని రెండో జెద్దా అనేవాళ్ళు. ఉత్తర మలయా, దక్షిణ సయాం, సుమత్రా నుంచి హాజీలు ఇక్కడికి చేరి, ఓడ వచ్చేదాకా రోజులు, వారాలు ఈ ఇళ్ళల్లోనే బస చేసేవాళ్ళు. పెట్టెలు, చాపలు, ఇహ్రాం బట్టలు అమ్మే కొట్లతో వీధి కిటకిటలాడేదట. సాగనంపడానికి ఊళ్ళకి ఊళ్ళే కదిలి వచ్చేవి. 1970ల్లో విమానాలు వచ్చి ఓడలు ఆగిపోయాయి. దాంతో కొట్లు కూడా మూతపడ్డాయి.

ఆ హాజీల బాధ చూసే ఆ దేశంలో ఒక మంచి ఏర్పాటు పుట్టింది. పల్లెటూరి రైతు హజ్జు కోసం డబ్బును దిండులోనో, వెదురుబొంగులోనో దాచేవాడు. చాలకపోతే పొలం, పశువులు అమ్మేవాడు. హాజీ అనిపించుకుని తిరిగొచ్చాక తినడానికి ఉండేది కాదు. వడ్డీ భయంతో బ్యాంకుకు పోడు. ఉంకు అజీజ్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు 1959లో ఒక పథకం రాసి ఇచ్చాడు. చిన్న చిన్న మొత్తాలు పోగుచేసి, వడ్డీ లేని వ్యాపారాల్లో పెట్టి, లాభం పంచి, ఆ డబ్బుతోనే హజ్జుకు పంపాలని. 1963లో అది మొదలైంది. మొదట్లో చేరినవాళ్ళు వెయ్యి పైచిలుకు మందే. 1969లో పెనాంగులో ఉన్న హజ్ వ్యవహారాల ఆఫీసును కూడా దాంట్లో కలిపేశారు. ఇప్పుడు దాన్ని తాబుంగ్ హాజీ అంటారు. తాబుంగ్ అంటే మన పిల్లలు చిల్లర వేసుకునే డిబ్బీ. అంతా పువ్వుల్లోనే నడిచిందని చెప్పను. ఉన్న ఆస్తుల కన్నా ఇవ్వవలసింది ఎక్కువై 2018లో సర్కారు పూనుకోవలసి వచ్చింది. హజ్జు వరస కూడా దశాబ్దాల పొడుగు పెరిగిపోయింది. అయినా పొలం అమ్ముకుని హజ్జుకు పోవడం మాత్రం తగ్గింది.

మన దేశంలో 2018లో హజ్ సబ్సిడీ తీసేశారు. ఆ తర్వాత మన సంఘంలోనే రెండు కుటుంబాలు ఇల్లు తాకట్టు పెట్టి వెళ్ళొచ్చాయి. పేర్లు చెప్పను, వాళ్ళూ ఇక్కడే ఉన్నారు. నెలకు అయిదువందలు కట్టే డిబ్బీ ఒకటి మనమూ పెట్టుకోవచ్చు కదా అని నాకనిపించింది. డబ్బు దగ్గర నమ్మకం, లెక్కల దగ్గర వెలుతురు, ఈ రెండూ ఉంటేనే సుమా. లేకపోతే దిండే మేలు.

ఆ మసీదు మినారుకు ఒక గుండ్రటి కన్నం లాంటి కిటికీ ఉంది. 1867 అల్లర్లలో ఫిరంగి గుండు తగిలిన చోటని చెబుతారు. ఆ అల్లర్ల కథ మన సంఘాలవాళ్ళు తెలుసుకోదగ్గది. పరాయి దేశం వచ్చిన చీనా కూలీలకు తిండి, బస, పని, చస్తే పూడ్చిపెట్టే దిక్కు కావాలి కదా. అందుకు సంఘాలు పెట్టుకున్నారు. కూ అనే ఇంటిపేరువాళ్ళ సంఘ భవనాన్ని, కూ కోంగ్సీ అంటారు, చూసి వచ్చాం. 1901లో కాలిపోతే 1906కల్లా మళ్ళీ కట్టారు. ఆ రాతి చెక్కడాలు, బంగారు పూత చెప్పతరం కాదు. గోడల మీద పెద్ద చదువులు చదివిన పిల్లల పేర్లు పలకల మీద చెక్కించి పెట్టారు. ఇది మంచి వైపు. ఇంకోవైపు, కొన్ని సంఘాలు రహస్య ముఠాలయ్యాయి. మనవాళ్ళూ తక్కువ తినలేదు. ముస్లిముల్లో ఎర్రజెండా, తెల్లజెండా అని రెండు సంఘాలు లేచాయి. చెరొకటి చెరొక చీనా ముఠాతో చేతులు కలిపి, 1867 ఆగస్టులో పది రోజులపాటు ఊరిని రణరంగం చేశాయి. చీనావాడితో చేయికలిపి ముస్లిం ముస్లిముని కొట్టాడు, ముస్లిముతో చేయికలిపి చీనావాడు చీనావాణ్ణి కొట్టాడు. ఇవాళ నాలుగు మతాల గుళ్ళున్న వీధిని సామరస్య వీధి అని యాత్రికులకు చూపిస్తున్నారు. సంతోషమే. ఆ కన్నం కూడా చూపిస్తే ఇంకా బాగుంటుంది.

2008లో యునెస్కోవారు ఈ పాత పట్నాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. దానికి ముందే, 2000 సంవత్సరంలో అద్దెల అదుపు చట్టం ఎత్తేయడంతో, తరతరాలుగా చౌక అద్దెకు ఉన్న కుటుంబాలు ఊరవతలికి పోయాయి. మేమున్న బస కూడా అట్లాంటి ఇల్లే, ఎవరో కాపురమున్న ఇల్లు. గోడల మీద వేసిన బొమ్మల దగ్గర ఫోటోల కోసం యాత్రికులు వరసలో నిలబడతారు. మేమూ ఒకటి దిగాం, మనవరాలి కోసం.

తిండి సంగతి చెప్పకపోతే ఆపాలు ఊరుకోరు. అక్కడ నాసి కందార్ అని పేరుపడ్డ భోజనం ఉంది. నాసి అంటే అన్నం, కందార్ అంటే కావడి. పూర్వం తమిళ ముస్లిములు కావడికి ఒకవైపు అన్నం, ఒకవైపు కూరలు వేలాడదీసుకుని రేవు కూలీలకు అమ్మేవాళ్ళట. ఇప్పుడు పెద్ద హోటళ్ళయ్యాయి. పళ్ళెంలో అన్నం వేసి, కోడి, చేప, బెండకాయ ఏది చూపిస్తే అది పెట్టి, మూడు నాలుగు రకాల పులుసులు కలిపి పోస్తారు. ఇంకా కావాలంటే "బంజిర్" అనాలి. బంజిర్ అంటే వరద! ఆ హోటళ్ళవాళ్ళను మామక్ అంటారు, అది మన మామే. మేం వెళ్ళినప్పుడు అక్కడి రింగిట్టు మనకు సుమారు ఇరవై రూపాయలు. రుచికి వంక పెట్టను. బందరు మిరపకాయ లేదని మా ఇంటావిడ మాత్రం గొణిగింది.

అట్లాంటి ఒక హోటల్లోనే, నాలుగో రోజు రాత్రి, మా మాటలు విని గిన్నెలు కడిగే కుర్రాడు బయటికొచ్చాడు. "మీది తెలుగా చాచా?" అన్నాడు. రాయలసీమ కుర్రాడు, ఇరవైమూడేళ్ళు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేశాడు. ఊళ్ళో ఏజెంటు లక్షా యాభైవేలు తీసుకుని, సూపర్‌మార్కెట్లో పని అని చెప్పి పంపాడు. వీసా అక్కర్లేదన్నాడట. ఆ మాట నిజమే: 2023 డిసెంబరు నుంచి భారతీయులకు వీసా లేకుండా ముప్ఫై రోజులు ఉండే వెసులుబాటు ఇచ్చారు. మేమూ అట్లాగే వెళ్ళాం. కాని అది చూసి రావడానికి, పనిచేయడానికి కాదు. ముప్ఫై రోజులు దాటాక వాడు దొంగగా ఉన్నట్టే. పాస్‌పోర్టు వాడి దగ్గర లేదు. జీతం మూడు నెలలది బాకీ. వీధిలోకి రావాలంటే భయం, పట్టుకుంటే నిర్బంధ శిబిరం. ముందటి ఏడాది, అంటే 2024లో, అట్లా చిక్కుకున్నవాళ్ళు జరిమానా కట్టి దేశానికి పోవచ్చని అక్కడి సర్కారు అవకాశమిచ్చింది. వాడు అప్పటికి ఇంకా ఊరు దాటలేదు.

మా ఇంటావిడ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తన పళ్ళెంలోంచి పెట్టబోయింది. వద్దన్నాడు, యజమాని చూస్తాడని. మన రాయబార కార్యాలయం కౌలాలంపూరులో ఉంది, దాని ఫోను నంబరు రాసిచ్చాను. దారిఖర్చుకు మా దగ్గరున్నది ఇచ్చాం. వాళ్ళమ్మ నంబరు ఇచ్చి, "బాగున్నాడని చెప్పండి చాచా, గిన్నెల సంగతి చెప్పకండి" అన్నాడు. వచ్చాక ఫోను చేశాను. బాగున్నాడమ్మా, భోజనం దొరుకుతోంది, నమాజు చదువుతున్నాడు అన్నాను. ఆవిడ అడిగింది ఒక్కటే: "ఎప్పుడొస్తాడంట సాబ్?" పోయిన నెల తాత్కాలిక ప్రయాణ పత్రం మీద వచ్చేశాడు. ఏజెంటుకిచ్చిన అప్పు ఇంకా తీరలేదు.

ఇందులో ఉన్న కిటుకు మన పిల్లల తల్లిదండ్రులు తెలుసుకోవాలి. పదో తరగతి పాసుకాని వాళ్ళ పాస్‌పోర్టుతో మలేసియా, గల్ఫు కలిపి పద్దెనిమిది దేశాలకు పనికి పోవాలంటే మన సర్కారు అనుమతి ఉండాలి. ఆ అనుమతి కోసం యజమాని ఎవరు, జీతమెంత, ఒప్పందమేమిటి అన్నీ చూపించాలి. యాత్రికుడినని చెబితే అది అక్కర్లేదు. అందుకే ఏజెంటు యాత్రికుడిగా పంపుతాడు. కాగితం మీద వాడెవడికీ జవాబుదారీ కాడు. విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్‌లో లైసెన్సున్న ఏజెంట్ల జాబితా ఉంది, ఎవరైనా చూడవచ్చు. ఈ జూన్లో మన పేట నుంచి నలుగురు కుర్రాళ్ళు మలేసియా పోవడానికి డబ్బు కట్టారని విన్నాను. వాళ్ళ అబ్బాలు ఈ సభలో ఉంటే భోజనాలయ్యాక నన్ను ఒకసారి కలవండి. జాబితా ప్రింటు తీసుకొచ్చాను. ఆ ఏజెంటు పేరు అందులో ఉందో లేదో కలిసి చూద్దాం. ఇక ప్రతి శుక్రవారం జుమా తరవాత గంటసేపు సంఘం ఆఫీసులో కూర్చుంటాను, కాగితాలు పట్టుకుని ఎవరైనా రావచ్చు.

కార్యదర్శిగారు గంట వైపు చూస్తున్నారు. పెనాంగు నుంచి ఎండబెట్టి పంచదార పట్టించిన జాజికాయ పండు తెచ్చాం, అది అక్కడి ప్రత్యేకం. పిల్లలకు పంచమని మా ఇంటావిడ వంటశాలలో ఇచ్చింది. కాస్త వగరుగా ఉంటుంది, ఒకేసారి రెండు నోట్లో వేసుకోకండి. ఖుదా హాఫిజ్.